ఇవాళ్టి కాలికి ఇవాళ్టి బూటు

తాళాలు బాగుచేసే కొట్టుకీ, బట్టలు ఇస్త్రీ చేసే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఒక బూట్ల కొట్టు ఉంది. అందులో మామూలు బూట్లు దొరకవు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకీ, పాదం వంకర తిరిగినవాళ్ళకీ, ప్రమాదంలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకీ కొలత తీసుకుని కుట్టే బూట్లు అక్కడ తయారవుతాయి. కుట్టే మనిషికి అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది గానీ ఆ వీధిలో దాని అవసరం ఎవరికీ పడలేదు. అందరికీ ఆయన 'ఇదిగో మేస్త్రి'. ఎవరొచ్చి "నాది అయిందా?" అని అడిగినా ఆయన నోట ఒకటే మాట.

"ఇదిగో, అయిపోతోంది."

పని రాక కాదు. చేయి తిరిగిన మనిషి. ఆయన కుట్టిన బూటు వేసుకుని నడుస్తుంటే ఏ కాలు పొట్టిదో పక్కన నడిచేవాడికి కూడా తెలియదు. వచ్చిన చిక్కల్లా మొదలుపెట్టడంలోనే. పని ముందు కూర్చోగానే లోకంలో ఉన్న మిగతా పనులన్నీ ఆయనకు గుర్తొస్తాయి. మేకులు సైజుల వారీగా ఏరాలనిపిస్తుంది. దారానికి మైనం పట్టించాలనిపిస్తుంది. పదునుగా ఉన్న కత్తికి ఇంకా పదును కావాలనిపిస్తుంది. బద్ధకస్తుడు అంటే మాత్రం అన్యాయం. బద్ధకస్తుడు హాయిగా కాళ్ళు చాపుకుని పడుకుంటాడు. ఈయన పొద్దుటినుంచి సాయంత్రం దాకా చెమటోడ్చి పనిచేస్తాడు, చేయాల్సిన పని ఒక్కటి తప్ప.

మరి కొట్టు ఇన్నాళ్ళు ఎలా నడిచిందంటే, అరిచేవాళ్ళ పుణ్యమా అని నడిచింది. గుమ్మంలో నిలబడి పరువు తీసేవాడి బూటు ఆ పూటే తయారయ్యేది. "పర్లేదండీ, నిదానంగానే ఇవ్వండి" అన్న మర్యాదస్తుడి బూటు మాత్రం అటక మీద బూజు పట్టేది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మేస్త్రి విషయంలో అడిగితే చాలదు, అరవాలి.

ఇంట్లోవాళ్ళు అరవరు కదా. అందుకని వాళ్ళ వంతు ఎప్పుడూ ఆఖరున వచ్చేది.

ఆయన మనవరాలికి, అంటే కూతురి కూతురికి, పుట్టుకతోనే ఎడమకాలు కాస్త పొట్టి. రెండో తరగతి చదువుతోంది. ప్రతిదానికీ 'ఎందుకు, ఏమిటి' అని చేతులు కట్టుకుని నిలదీస్తుందని మేస్త్రి దానికి 'హెడ్‌మాస్టారు' అని పేరు పెట్టాడు. కుడికాలికి బజారులో దొరికే బూటు సరిపోతుంది. దానికి జోడీగా, అడుగున బెండు పేర్చి ఎత్తు పెంచిన ఎడమబూటు తాతయ్య కుట్టాలి. వేసవి సెలవులు మొదలవగానే కూతురు కొత్త కుడిబూటు కొని, పెరిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దదే కొని, పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది.

కొలత తీసుకోవడంలో మేస్త్రి పద్ధతి వేరు. కాగితాలు పారేసుకోవడం అలవాటని ఆయనకే తెలుసు. అందుకని మనిషిని నేరుగా తన పనిబల్ల మీదకి ఎక్కించి, పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీస్తాడు. బూటు ఇచ్చేసిన రోజున చిత్రిక పట్టి ఆ గీతని చెక్కేస్తాడు. అలా చెక్కీ చెక్కీ బల్ల నడుమ లోతుపడి తొట్టిలా తయారైంది. ఆ రోజు పిల్ల పాదాన్ని కూడా అలాగే గీశాడు.

"ఇదిగో, వారంలో అయిపోతుంది" అన్నాడు.

వారంలో అచ్చు అయింది. ముందు పాదాన్ని కొయ్యలో చెక్కుకోవాలి, దాన్నే అచ్చు అంటారు. దాని మీద తోలు లాగి బిగించి మేకులు కొట్టి, కింద అట్ట అతికిస్తే బూటు. మేస్త్రి చెక్కిన అచ్చు చూడాల్సిందే. చిటికెనవేలి పక్కన ఉన్న చిన్న బుడిపె కూడా అందులో ఉంది. గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి, మళ్ళీ రుద్దాడు. తోలు కోయాల్సిన రోజు వచ్చేసరికి మడమ దగ్గర ఇంకాస్త నునుపు చేస్తే బాగుంటుందనిపించింది. ఆ తర్వాత తోలు రంగు నచ్చలేదు. ఆ తర్వాత దారం. సెలవులు అయిపోయాయి, బడి తెరిచారు, మొదటి పరీక్షలు కూడా అయ్యాయి. కొత్త కుడిబూటు డబ్బాలోనే ఉంది. బల్ల మీద పాదంగీత మడమ దగ్గర మేస్త్రి టీ గ్లాసు పెట్టుకోవడం వల్ల గోధుమరంగు వలయం పడింది. పాతబూటు బిగుతైపోతే ముందుభాగం కోసి వేళ్ళకి దారి ఇచ్చి, "ఇప్పటికి ఇలా కానివ్వు" అన్నాడు. దాని అడుగు అరిగి, ఎత్తు తగ్గి, పిల్ల రోజురోజుకీ ఎక్కువగా కుంటుతోంది.

కూతురు ఎప్పుడు అడిగినా ఆయన అచ్చు తీసి చూపించేవాడు.

"చూడవే, ఎలా కుదిరిందో!"

"బాగుంది నాన్నా. కానీ అది కొయ్య. అది వేసుకుని బడికెళ్తుందా?"

అంత శ్రద్ధ ఉన్న మనిషి ఎందుకు కుట్టలేదంటే, దాని వెనక ఒక కథ ఉంది. ఇంతకుముందు బూటు, అదే ఇప్పుడు అరిగిపోయినది, ఆయన మనవరాలికి కుట్టిన మొట్టమొదటి బూటు. కొత్తగా వేసుకున్న రోజు సాయంత్రం మేజోడు విప్పితే మడమ మీద పుండు. లోపల ఒక కుట్టు ఎత్తుగా నిలబడి రోజంతా కోసింది. పిల్ల ఎవరికీ చెప్పలేదు. 'తాతయ్య కుట్టాడు కదా' అని ఊరుకుంది. ఆ కుట్టు ఆయన ఆ రాత్రే విప్పి సరిచేశాడు. కానీ మేజోడుకి అంటిన ఆ నెత్తుటి మరక ఆయన కళ్ళలోంచి పోలేదు. ఈసారి బూటులో వేలెత్తి చూపడానికి ఏమీ ఉండకూడదనుకున్నాడు. కుట్టని బూటులో తప్పు ఉండదు కదా. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు, తనతో తాను కూడా అనుకోలేదు.

ఒకరోజు పొద్దున్నే కూతురు పిల్లని తీసుకుని వచ్చింది. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. డ్యూటీ చొక్కాలోనే ఉంది. బడికి ఆ రోజు సెలవు.

"నాన్నా, ఇవాళ దీన్ని నీ దగ్గర ఉంచుతున్నా. రేపు పొద్దున కంపెనీకి తీసుకెళ్తా."

"ఏ కంపెనీకి?"

"బూట్ల కంపెనీకి. మిషను మీద కాలు పెడితే కొలత అదే తీసుకుంటుందట. వారంలో ఇస్తారట."

"అవి ఇటుకల్లా ఉంటాయే! ఇంత చిన్నపిల్ల మోయగలదా?"

"బరువైనా బూటు బూటే కదా నాన్నా."

"ఇదిగో, అయిపో..."

"ఆ మాట అనకు." ఆమె గొంతు పెంచలేదు. "డాక్టరుగారు దీని నడుము చూశారు. ఇలాగే కుంటుతూ నడిస్తే వెన్ను ఒకవైపుకి ఒంగిపోతుందట. ఇప్పటికే కొంచెం ఒంగిందట. పెరటి చెట్టు మందుకి పనికిరాదని అందరూ అంటే నేను ఒప్పుకోలేదు. మా నాన్న ఉండగా బయటివాళ్ళెందుకు అన్నాను. నేనే తప్పు."

"కోప్పడకమ్మా..."

"కోపం లేదు నాన్నా. కోపముంటే అరిచేదాన్ని. అరిస్తే నువ్వు చేసేవాడివి. నమ్మకం పోయింది, అంతే."

ఆమె గడియారం చూసుకుని వెళ్ళిపోయింది. బస్సు ఎవరికోసమూ ఆగదు మరి. మేస్త్రి గుమ్మంలో నిలబడిపోయాడు. జీవితంలో ఎన్నో అరుపులు విని దులుపుకున్న మనిషి. ఆ నెమ్మది మాట మాత్రం దులుపుకుంటే పోయేది కాదు.

"ఇవాళే కుట్టేస్తాను" అన్నాడు మనవరాలితో. "సాయంత్రానికి మీ అమ్మ నోరు వెళ్ళబెట్టాలి."

నిజంగానే అన్నాడు. వెంటనే చీపురు తీసి బల్ల చుట్టూ ఊడవడం మొదలుపెట్టాడు.

హెడ్‌మాస్టారు స్టూలెక్కి చేతులు కట్టుకుని కూర్చుంది. కాసేపు చూసి అడిగింది.

"తాతయ్యా, ఊడిస్తే అది బూటులో ఎక్కడికొస్తుంది?"

"ఏది?"

"ఊడవడం. తోలు పైన వస్తుంది, అట్ట కింద వస్తుంది అన్నావుగా. ఊడవడం ఎక్కడొస్తుంది?"

మేస్త్రి చీపురు మూలన పెట్టాడు. కత్తి తీసుకుని సానరాయి ముందు కూర్చున్నాడు.

"ఇది ఎక్కడొస్తుంది?"

"పదును లేకపోతే తోలు తెగదండీ హెడ్‌మాస్టారూ."

పిల్ల దిగి వచ్చి, కింద పడున్న తోలు ముక్క ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. కత్తి ఆనించగానే అది రెండు ముక్కలైంది. మేస్త్రికి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. టీ తాగి మొదలుపెడదామన్నాడు. టీ ఎక్కడొస్తుందని అది అడగలేదు. కళ్ళతోనే అడిగింది. గ్లాసు కడుగుదామని ఆయన పెరట్లోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి పిల్ల బల్ల మీదకి ఎక్కి, పాతబూటు విప్పేసి, తన పాదాన్ని ఆ గీతలో పెట్టి చూసుకుంటోంది.

"తాతయ్యా, ఇది ఎవరి కాలు?"

"నీదే. ఇంకెవరిది?"

"నాది కాదు. చూడు."

మేస్త్రి వంగి చూశాడు. మడమ వలయం మీద సరిగ్గానే ఉంది. వేళ్ళు మాత్రం గీత దాటి అవతల ఉన్నాయి. పక్కన బుడిపె కూడా బయటికొచ్చేసింది. బజారు బూటు కొన్న కూతురు ఒక సైజు పెద్దది కొంది. ఇన్నేళ్ళుగా కాళ్ళతో బతికిన మనిషికి మాత్రం ఎదిగే పిల్ల కాలు తన తీరిక కోసం ఆగదని తట్టలేదు. ఆయన అంత ముద్దుగా చెక్కి నూనె పట్టించిన అచ్చు ఇప్పుడు లేని కాలికి కొలత.

"అయ్యో! ఇక లాభం లేదు. కొత్త అచ్చు చెక్కాలి. మంచి కొయ్య తేవాలి, అది ఆరాలి, చెక్కాలి..."

చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. గుండె మీంచి బరువు దిగినట్టు హాయిగా ఉంది! మనవరాలి వెన్ను ఒంగిపోతోందని విన్న పూటే, పని మళ్ళీ వెనక్కి పోయినందుకు తన మనసు సంతోషిస్తోంది. ఇన్నాళ్ళూ ఇలాంటి సాకు దొరికినప్పుడల్లా ఆ హాయి వచ్చే ఉంటుంది. పట్టుకుని చూడటం ఇదే మొదలు. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు.

"నాకు భయంగా ఉంది హెడ్‌మాస్టారూ" అన్నాడు, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే. "మళ్ళీ నీకు పుండు పడుతుందేమోనని."

పిల్లకి ముందు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చి మడమ తిప్పి చూపించింది. అక్కడ మచ్చ కూడా లేదు.

"అది అప్పుడే మానిపోయింది తాతయ్యా. నడుంనొప్పే మానట్లేదు."

మేస్త్రి లేచాడు. గోడకి తగిలించిన అచ్చు తీశాడు. అచ్చు చిన్నదైతే కొనకీ పక్కలకీ తోలు ముక్కలు అతికించి, మేకులు కొట్టి కొలత పెంచుకోవడం ఈ పనిలో అందరూ చేసేదే. ఈయన మాత్రం అది అతుకుల బొంత వ్యవహారమని ఎప్పుడూ దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు ఆ నున్నటి కొయ్యవేళ్ళ మీద జిగురు రాసి మొదటి ముక్క అంటించాడు. ఇంకోటి అంటించి, బుడిపె దగ్గర మేకు దిగ్గొట్టాడు. మొదటి సుత్తిదెబ్బకి ప్రాణం ఉసూరుమంది. రెండోదానికి అంత అనిపించలేదు. ముక్క అంటించినప్పుడల్లా పిల్ల పాదంతో సరిచూశాడు. అదే పనిగా కాలు చాపి కూర్చోవడం దానికి విసుగేసి, మధ్యలో ఆ కాలితోనే ఆయన ముక్కు మీద పొడిచింది.

ఒకసారి మొదలయ్యాక పని తనంతట తానే దారి చూపించింది. ఎంచిపెట్టుకున్న గొప్ప తోలు పాత కొలతకైతే సరిపోయేది గానీ ఇప్పుడు చాలదు. కొట్లో ఉన్న తోళ్ళలోంచి ముందుభాగానికి ఒకటి, మడమకి ఇంకోటి కోశాడు. రెండింటి రంగూ కొంచెం తేడా వచ్చింది. కుట్టేటప్పుడు ఒకచోట వరస వంకరపోయింది. అలవాటుకొద్దీ విప్పబోయాడు. లోపలికి వేలు పెట్టి తడిమి చూశాడు. ఎత్తు లేదు, గుచ్చుకోదు. చూసేవాళ్ళ కంటికి వంకర, కాలికి కాదు. వదిలేసి ముందుకి పోయాడు. తన చేత్తో ఒక వంకర కుట్టుని వదిలేయడం ఆయనకు మందు మింగినట్టుంది, కానీ మింగాడు.

సాయంత్రం కూతురు డ్యూటీ దిగి వచ్చేసరికి మేస్త్రి అచ్చు మీద తోలు లాగి బిగిస్తున్నాడు. రెండు చేతులూ ఖాళీ లేవు. మేకులన్నీ పెదాల మధ్య ఉన్నాయి.

"అయిందా నాన్నా?" అందామె, అలవాటుగా.

నోటినిండా మేకులు. ఆ మాట అనాలన్నా అనలేని పరిస్థితి. తల అడ్డంగా ఊపి, పని చూపించాడు. ఆమె తోలు వంక, అతుకులేసిన అచ్చు వంక చూసింది. ముఖంలో నమ్మకం కనిపించలేదు, 'అయిపోతోంది' అన్న పనులు ఆగిపోవడం ఆమె చిన్నప్పటినుంచీ చూసిందే.

"కంపెనీకి పోయే దారిలోనే కదా. పొద్దున ఇటే వస్తా" అని పిల్లని తీసుకెళ్ళింది.

మర్నాడు వాళ్ళు వచ్చేసరికి బూటు కుడిబూటు పక్కన బల్ల మీద ఉంది. జోడీ అంటే ఎవరూ నమ్మరు. ఒకటి మిషను మీద పుట్టింది, ఇంకోటి రెండు రంగుల తోలుతో, బెండు అంచులు బయటికి కనిపిస్తూ, వంకర కుట్టుతో ఉంది. మేస్త్రి దాన్ని దాచుకోవాలన్నంత సిగ్గుతో నిలబడ్డాడు. అయినా దాచలేదు. తనే వంగి మనవరాలి కాళ్ళకి రెండూ తొడిగి తాళ్ళు కట్టాడు.

"నడువు. ఎక్కడ నొక్కినా చెప్పాలి. నేను బాధపడతానని ఊరుకున్నావో, నీ హెడ్‌మాస్టరు ఉద్యోగం ఊడుతుంది."

పిల్ల గుమ్మం దాకా నడిచి ఆగింది. తాతయ్య ముఖం చూసింది, అమ్మ ముఖం చూసింది.

"ఇక్కడ" అంది, బుడిపె చూపించి.

 ఇన్ని నెలలూ మేస్త్రి ఏ మాట వినాల్సొస్తుందని పారిపోయాడో ఆ మాట వినేశాడు. బూటు విప్పి, లోపల సుత్తి పిడి దూర్చి, పైన తడిగుడ్డ వేసి, ఆ చోట తోలుని సాగదీశాడు. మళ్ళీ తొడిగాడు. అంతే పని. టీ తాగేంతసేపు కూడా పట్టలేదు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు."

పిల్ల వీధిలోకి దిగి ఇస్త్రీకొట్టు దాటి, దీపస్తంభం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. కూతురు బూటు చూడలేదు. పిల్ల భుజాల్ని చూసింది. రెండు భుజాలూ ఒక ఎత్తులో ఉన్నాయి. ఆమె చేతిసంచీ కింద పెట్టి అక్కడే గట్టు మీద కూర్చుంది. మేస్త్రికి ఏడుపొచ్చింది. సంతోషం సగం, ఇంత చిన్నపనికి ఇన్నాళ్ళు పిల్లని కుంటనిచ్చానే అన్న బాధ సగం.

ఆయన కళ్ళు తుడుచుకుని చిత్రిక తీశాడు. బూటు ఇచ్చేశాక గీత చెక్కేయడం రివాజు కదా. టీ వలయంతో సహా పాత పాదం పొట్టుపొట్టుగా లేచిపోయి, బల్ల తెల్లగా తేలింది.

"రండి హెడ్‌మాస్టారూ. బల్లెక్కి కాలు పెట్టండి."

"మళ్ళీ ఎందుకు?"

"వచ్చే బూటుకి."

"ఇది వేసుకుని ఇంకా పూట కూడా కాలేదు నాన్నా!" అంది కూతురు.

"దాని కాలు నాకోసం ఆగదుగా అమ్మా" అన్నాడు మేస్త్రి. పాదం చుట్టూ గీసి, వేళ్ళ ముందు బొటనవేలంత చోటు వదిలి ఇంకో గీత గీశాడు. పెద్ద అచ్చుకి సరిపోయే కొయ్యముక్క ఒకటి వెతికి, నిలబడే దాని మడమ వైపు చెక్కడం మొదలుపెట్టాడు.

ఇస్త్రీకొట్టాయన టీ పంపించాడు. మేస్త్రి గ్లాసు అందుకుని అలవాటుకొద్దీ గీత మీద పెట్టబోయి, ఆగి, కిటికీ గట్టు మీద పెట్టాడు. కూతురు అది చూసింది. ఫోను తీసింది.

"ఎవరికే?" అన్నాడు తల ఎత్తకుండా.

"కంపెనీవాళ్ళకి. రావట్లేదని చెబుతా." ఆమె నంబరు నొక్కుతూ ఒక్క క్షణం ఆగింది. "ఇప్పటికి."

మేస్త్రి చెక్కుతున్న చేయి ఆపలేదు. "ఇప్పటికి చాలమ్మా" అన్నాడు.